నిన్నటి తడి

నారు ట్రేలో పచ్చటి పొర కనిపించగానే మందు కోసం వెతుకుతాం. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది మనం నీళ్ళు పోసే వేళ, పోసే తీరు.

ముసురు పట్టి నాలుగో రోజు. డాబా మీద షేడ్‌నెట్ కింద రెండు ప్రోట్రేలలో మిరప నారు అప్పుడే మూడో ఆకు తొడుగుతోంది. పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, గోధుమరంగు కొబ్బరిపొట్టు మీద అక్కడక్కడా పచ్చరంగు అద్దినట్టుంది. వేలితో రాస్తే జారింది. మర్నాటికి ఆ మచ్చలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మూడో రోజుకి ట్రే అంతా పల్చటి పచ్చ పొర. దాని మధ్య నుంచి దారప్పోగుల్లాంటి కాడలతో నా మిరప మొక్కలు.

భయమేసింది. తెలిసినవాళ్ళకి ఫొటోలు పంపాను. ఒకరు రాగి మందు పోయమన్నారు. ఒకరు దాల్చినచెక్క పొడి చల్లమన్నారు. ఇంకొకరు ట్రేలు పారేసి మళ్ళీ విత్తుకోమన్నారు. నేను మందు కలిపి పోశాను. రెండు రోజులకు పొర కాస్త నల్లబడింది గానీ పోలేదు. మళ్ళీ పోశాను. వారం తిరిగేసరికి ఒక ట్రేలో మూలనున్న ముప్ఫై గళ్ళ మొక్కలు మొదళ్ళ దగ్గర నలిగిన దారంలా సన్నబడి పక్కకు వాలిపోయాయి. నారుకుళ్ళు.

చాలా రోజుల తరవాత గానీ ఆ వారంలో నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. పచ్చటి పొరను చంపాలని మందునీళ్ళు పోశాను. మందు సంగతి అలా ఉంచితే, పోసింది నీళ్ళు. రోజుల తరబడి ఎండ మొహం చూడని ట్రేలో, అప్పటికే నానిపోయి ఉన్న పొట్టులో, ఇంకో రెండుసార్లు నీళ్ళు పోశాను. ఆ ముప్ఫై మొక్కల్ని పచ్చటి పొర చంపలేదు.

అప్పటి నుంచి నారు పెంచేవాళ్ళు ఎక్కడ కనబడినా ఆగి చూడడం అలవాటైంది. వానాకాలం మొదలయ్యే వేళ గుంటూరు, పల్నాడు పల్లెల్లో రోడ్డు పక్కన వరసగా షేడ్‌నెట్‌లు, లోపల లక్షల మిరప మొక్కలు. మదనపల్లె వైపు వెళితే టమాటా నారు. కడియం దారిలో అయితే కుండీలు, కవర్లు, ట్రేలు కలిపి కనుచూపు మేరంతా నర్సరీలే. ప్రతిచోటా ఏదో ఒక మూల ఈ పచ్చదనం ఉంది. మొక్కలు బలంగా ఉన్నచోట అది ఆ మూలే ఆగిపోయింది. నీరసంగా ఉన్నచోట ట్రే మొత్తం పరుచుకుంది. తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే చివరికి నీళ్ళు పోసే చెయ్యి దగ్గర తేలాను.

పాచి అన్న మాట

దీన్ని కొన్నిచోట్ల నాచంటారు, పాకుడంటారు. తెలంగాణలో పాకురు అన్న మాటా వింటాం. మా వైపు పాచి. ఈ మాట మీద నాకు మక్కువ ఎక్కువ. లేచి కడుక్కోని ముఖం పాచి ముఖం. నిన్నటి అంట్లు తోమి వాకిలి ఊడ్చేది పాచి పని. నిలవుండి చెడింది పాచిపోయిన కూర. నా చెవికి ఈ మాటలన్నీ ఒకే దగ్గరకు చేరతాయి. నిన్నటిది ఇవాళ్టికి మిగిలిపోయింది, తీసెయ్యాలి అని.

నారు ట్రేలో పాచి అంటే అచ్చంగా అదే. నిన్న పోసిన తడి ఇవాళ పొద్దున కూడా మట్టి పైపొరలో మిగిలి ఉంది. దానికి తోడు వెలుతురుంది, మొక్క తాగని ఎరువుంది. ఈ మూడూ ఉన్నచోట పచ్చటి పొర వచ్చి తీరుతుంది. దాన్ని విత్తనం వేసి తెచ్చుకోనక్కర్లేదు. గాలిలో దుమ్ముతో వస్తుంది, మూతలేని సిమెంటు తొట్టి నీళ్ళతో వస్తుంది, కిందటి కారులో వాడి కడగకుండా పేర్చిన ట్రేల అంచులకు ఎండి అతుక్కుని ఉండి మళ్ళీ తడి తగలగానే లేస్తుంది.

పచ్చగా కనిపించేదంతా ఒకటే అనుకోవద్దు. జారుడుగా, రంగు పూసినట్టు, వేలికి అంటుకునేది నాచు. కంటికి ఆననంత చిన్న జీవాలు కోట్లకొద్దీ చేరి కట్టిన పొర అది. దానికి వేరు లేదు, కాడ లేదు. వేలితో తడిమితే మఖమల్ గుడ్డలా మెత్తగా, కళ్ళు దగ్గరపెట్టి చూస్తే బుల్లి ఆకులతో కనిపించేది మాస్. ఇది నాచు కన్నా నిదానంగా వస్తుంది. వచ్చిందంటే ఆ తడి వారాల తరబడి ఉందని అర్థం. వాన వెలిశాక డాబా గచ్చు మీద నల్లాకుపచ్చగా జిగురు ముద్దల్లా తేలేది నాస్టాక్, నీలి ఆకుపచ్చ నాచుల్లో ఒక రకం. అది ఎండితే నల్లటి పొక్కులా అణగి ఉంటుంది, చినుకు పడగానే ఉబ్బుతుంది. ఇక తెల్లగా దూదిలా అల్లుకునేది వేరే కథ. అది బూజు. చాలావరకు కొబ్బరిపొట్టునో మాగని కంపోస్టునో తిని బతికేది, గాలి తగిలితే దానంతటదే పోతుంది. కానీ తెల్లబూజుతో పాటు మొక్కలు గుంపుగా వాలిపోతుంటే మాత్రం ఆ ట్రేని ఆ పూటే మిగతావాటి నుంచి దూరంగా పెట్టాలి.

నాలుగు సెంటీమీటర్ల లోతు

మా నాయనమ్మ మిరప నారు మడి మీద పోసేది. జానెడు ఎత్తు మడి, ఇటు నుంచి చెయ్యి చాస్తే మధ్యకు అందేంత వెడల్పు, మడికీ మడికీ మధ్య కాలవ. విత్తనం చల్లి పైన మాగిన పశువుల ఎరువు పల్చగా రాల్చి, వరిగడ్డి కప్పేది. మొలక తల ఎత్తిన రోజు సాయంత్రం గడ్డి తీసేది. తీయడం ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగిపోతాయని మా అందరినీ తొందరపెట్టేది. నీళ్ళు పొద్దున ఒక్కపూటే. సాయంత్రం నేను బుడ్డి చెంబుతో పోయబోతే చెయ్యి పట్టుకునేది. "నారు మడి దగ్గర మట్టి వాసన రావాలే అమ్మాయ్, చెరువు వాసన రాకూడదు" అనేది. ఆమె మడి మీద పాచి నేను చూసిన గుర్తు లేదు.

ఆ పద్ధతికీ ఇప్పటి ట్రేలకీ ఉన్న తేడా తెలిస్తే పాచి రహస్యం సగం విడిపోతుంది. మనం వాడే మామూలు ప్రోట్రే 54 సెంటీమీటర్ల పొడవు, 27 వెడల్పు. అందులో 98 గళ్ళు, ఒక్కో గడి లోతు 4 సెంటీమీటర్లు. బెంగళూరు దగ్గర హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ లెక్కల్లో ఒక ట్రే నింపడానికి దాదాపు 1.2 కిలోల కొబ్బరిపొట్టు పడుతుంది. ఈ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటుంది. అందుకే అది నారుకు అంత మంచిది. అందుకే అంత ప్రమాదం కూడా.

ఒక చిన్న పని చేసి చూడండి. గిన్నెలు తోమే కొత్త స్పాంజిని నీళ్ళలో ముంచి, పళ్ళెం మీద చేతిలో అడ్డంగా పట్టుకోండి. కారాల్సింది కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని, పిండకుండా, నిలువుగా తిప్పండి. మళ్ళీ బొటబొటా కారుతుంది. స్పాంజి అదే, అందులోని రంధ్రాలూ అవే. ఎత్తు మారింది, అంతే. నిలబెట్టిన స్పాంజిలో నీటి స్తంభం బరువు ఎక్కువై కిందికి లాగుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు ఆ లాగుడు చాలక నీళ్ళు రంధ్రాల్లోనే ఉండిపోతాయి.

ట్రేలోని గడి ఆ అడ్డంగా పట్టుకున్న స్పాంజి. అడుగున రంధ్రం ఉన్నా, అందులోంచి ధారాళంగా నీళ్ళు కారినా, కారడం ఆగిన తరవాత గడి అడుగున ఒక మందాన పూర్తిగా తడిసిన పొర మిగులుతుంది. పది అంగుళాల కుండీలో కూడా అంతే మందం మిగులుతుంది గానీ అక్కడ పైన ఎంతో ఎడం ఉంటుంది. పైపొర ఆరి పొడిపొడిగా ఉండగా అడుగున వేర్లు తడి తాగుతాయి. నాలుగు సెంటీమీటర్ల గడిలో ఆ ఎడం లేదు. తడి పొర దాదాపు పైదాకా అందుతుంది. "రంధ్రాలున్నాయి కదండీ, ఎంత పోసినా కారిపోతుంది" అని నర్సరీల్లో పనిచేసేవాళ్ళు, మేడ మీద పెంచుకునేవాళ్ళు కూడా ధీమాగా అంటారు. కారిపోయేది ఎక్కువైన నీరే. ఆరాల్సిన తడి ఆరడానికి గాలి కావాలి, ఎండ కావాలి, లేదా తాగే వేరు కావాలి. మొలకెత్తిన వారానికి వేరెంత ఉంటుంది? ముసురులో ఆకు నీటిని బయటికి వదలడమూ తక్కువే. అంటే మొక్క ఎంత చిన్నదైతే, ఆకాశం ఎంత మబ్బుగా ఉంటే, మనం అంత తక్కువ పోయాలి. మనం చేసేది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడే దాని మీద ప్రేమ ఎక్కువ, వెళ్ళినప్పుడల్లా నాలుగు చుక్కలు చల్లి వస్తాం.

ఇక్కడ ఇంకో సంగతి. విత్తిన వెంటనే ట్రేలను పదేసి ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథీన్ కవరు కప్పి ఉంచుతారు. ఆ రోజుల్లో లోపల తడి నిండుగా ఉంటుంది, అయినా పాచి కట్టదు. ఎందుకంటే అక్కడ చీకటి. మొలక కనబడగానే ట్రేలను విడదీసి వెలుతురులో పరుస్తారు. సరిగ్గా ఆ రోజు నుంచి ఆకులు గడిని కమ్మేసే రోజు దాకా, రెండు మూడు వారాలు, మట్టి బట్టబయలుగా ఉంటుంది. పాచికి దొరికే అదను అదే. ఆకులు కమ్ముకున్నాక దానికి వెలుతురు అందదు, పల్చబడి పోతుంది. మనం మట్టిని కాచుకోవాల్సింది ఆ రెండు మూడు వారాలు మాత్రమే.

పాచి చేసే కీడు ఎంత?

అది మొక్కను తినదు. వేరులోకి దిగదు. అది తాగే ఎరువు లెక్కలోకి వచ్చేది కాదు. పల్చటి పొర ఉన్న ట్రేలోని మొక్కను తీసి పొలంలో నాటితే నిక్షేపంగా కాపుకొస్తుంది. ఈ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే పచ్చదనం చూసి కంగారుపడి ట్రేలకు ట్రేలు గుమ్మరించినవాళ్ళను నేనెరుగుదును.

కీడు పొర ముదిరినప్పుడు మొదలవుతుంది. దట్టంగా కట్టిన పాచి ఎండ తగిలిన రోజున ఎండి అప్పడంలా గట్టిపడుతుంది. ఇప్పుడు పైనుంచి నీళ్ళు పోస్తే గడిలోకి దిగకుండా అంచు వెంట జారి కింది రంధ్రంలోంచి పోతాయి. పైకి తడిగా కనబడే ట్రేలో వేరు దగ్గర పొడిగా ఉంటుంది. అప్పుడు మొక్క వాడితే, నీళ్ళు చాలలేదని ఇంకా పోస్తాం. తడి, పాచి, అట్ట, మళ్ళీ తడి. ఈ సుడిలో పడితే బయటికి రావడం కష్టం.

రెండోది ఈగలు. తడి పాచి మీద, కుళ్ళే పొట్టు మీద సన్నటి నల్ల దోమల్లాంటి ఈగలు ముసురుతాయి. ట్రేని కదిపితే గుప్పున లేస్తాయి. వాటిలో కొన్ని ఊరికే పాచి తిని బతుకుతాయి. కొన్నింటి పిల్ల పురుగులు, గాజుముక్కలా తెల్లటి ఒళ్ళు, నల్లటి తల ఉన్నవి, లేత వేళ్ళను కొరుకుతాయి. ఆ గాయాల్లోంచి తెగులు దిగుతుంది. జిగురు పూసిన పసుప్పచ్చ అట్టలు ట్రేల మధ్య నిలబెడితే ఈగలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, కొంత తగ్గుతాయి కూడా.

మూడోది అన్నిటికన్నా పెద్దది, నా ముప్ఫై మొక్కల్ని తీసుకుపోయింది. నారుకుళ్ళు తెచ్చే పిథియం అనే సూక్ష్మజీవికి కావాల్సిన వాతావరణం, పాచికి కావాల్సిన వాతావరణం దాదాపు ఒకటే. నానిన మట్టి, కదలని గాలి, ఒత్తుగా ఉన్న మొక్కలు. ఒకటి వచ్చిన చోటికి రెండోది రావడానికి దారి తెరిచే ఉంటుంది. పాచి కంటికి కనబడుతుంది, పిథియం మొక్క పడిపోయేదాకా కనబడదు. అందుకే పాచి కనబడినందుకు నేను ఇప్పుడు దానికి రుణపడినట్టే అనుకుంటాను. వాన నీటిని మోసుకొచ్చే మేఘాన్ని చూసి ఆరేసిన వడియాలు ఎత్తుకున్నట్టు, పచ్చ మచ్చ చూసిన రోజునే తేరుకుంటే మొక్క దక్కుతుంది.

చెయ్యాల్సింది

మొదట ట్రేని ఎత్తి చూడాలి. నీళ్ళు పోసి కారిపోయాక రెండు చేతులతో ఎత్తి ఆ బరువు చేతికి తెలుసుకోండి. మర్నాడు పొద్దున మళ్ళీ ఎత్తండి. నాలుగైదు రోజులు ఇలా చేస్తే తూకం రాయి అక్కర్లేదు, నీళ్ళు కావాలో వద్దో చేతులే చెబుతాయి. కొబ్బరిపొట్టు ఇంకో గుర్తు కూడా ఇస్తుంది. తడిగా ఉంటే ముదురు గోధుమరంగు, ఆరుతుంటే లేత గోధుమరంగు. పైన అంగుళంలో మూడో వంతు లేతబడేదాకా ఆగాలి. మొదట్లో గుండె దడదడలాడుతుంది, మొక్క చచ్చిపోతుందేమోనని. ఏమీ కాదు. ఆకు కొద్దిగా మెత్తబడిన మిరప మొక్క నీళ్ళు తగిలిన గంటలో లేచి నిలబడుతుంది. నానిపోయి మొదలు కుళ్ళిన మొక్కను మాత్రం ఎవరూ లేపలేరు.

పోసే వేళ పొద్దున. మధ్యాహ్నం మూడు దాటాక పోస్తే ఆ తడి రాత్రంతా ఉంటుంది. ఎండాకాలం కారులో రెండోపూట తప్పదనుకుంటే మధ్యాహ్నం లోపే. వానాకాలం ముసురు రోజున అసలు పోయకుండా ఉండగలగడమే నేర్పు. రోజూ పొద్దున ఆరింటికి మోటారు వేసి వరసలన్నీ తడిపే అలవాటు పెద్ద నర్సరీల్లో ఎక్కువ. ఆకాశం చూసి మోటారు వెయ్యాలా వద్దా అని నిర్ణయించేవాళ్ళు ఉన్నచోట పాచి తక్కువ కనబడింది.

ఇంట్లో రెండు మూడు ట్రేలే ఉన్నవాళ్ళు పైనుంచి పోయడం మానేసి కిందనుంచి తాగించవచ్చు. వెడల్పాటి బేసినులో రెండు సెంటీమీటర్ల లోతున నీళ్ళు పోసి, ట్రేని అందులో పావుగంట పెట్టి, తీసి, కారనిచ్చి, తడి లేని చోట పెట్టాలి. పైపొర త్వరగా ఆరుతుంది, వేరు కిందికి దిగుతుంది. కానీ ట్రేని బేసినులోనే మరిచిపోతే పైనుంచి పోసినదానికన్నా చేటు. గడియారం చూసుకునే చెయ్యాలి.

ఇప్పటికే కట్టిన పొరను పుల్లతో గీకాలి. అగరుబత్తి కాలిపోగా మిగిలిన పుల్ల ఇందుకు చక్కగా సరిపోతుంది. కాడకు తగలకుండా, అర సెంటీమీటరు కన్నా లోతుకు పోకుండా, పొరను విరగ్గొట్టి తీసెయ్యాలి. గుల్లబడిన పైపొరలోకి గాలి దిగుతుంది. తరవాత కడిగి ఆరబెట్టిన దొడ్డు ఇసుక గానీ, వర్మిక్యులైట్ గానీ పల్చగా రాల్చాలి. ఇవి రెండూ త్వరగా ఆరతాయి, కింది మట్టికి వెలుతురు తగలనివ్వవు. పాచికి కావాల్సిన రెండూ ఒక్క దెబ్బతో తీసేసినట్టు. కొత్తగా విత్తేటప్పుడే గింజ మీద కప్పే పొరగా వర్మిక్యులైట్ వాడితే అసలు గీకే పనే ఉండదు.

పెద్ద కుండీలకు ఇంకో మంచి వస్తువు మన దగ్గరే గుట్టలుగా పడి ఉంది. అమెరికా నర్సరీల్లో కుండీల్లో పెరిగే మార్కాంషియా అనే, పాచి కన్నా మొండి పచ్చ మొక్కను ఆపడానికి ఉప్పుడు వడ్ల ఊకను అర అంగుళం నుంచి అంగుళం మందాన పరుస్తారు. ఊక మీద నీరు నిలవదు, పైన ఎప్పుడూ పొడిగా ఉంటుంది, పడిన బీజం మొలవదు. ఉడికిన ఊక కాబట్టి అందులో కలుపు గింజలు మొలిచే భయం లేదు. రైసుమిల్లులకు మన దగ్గర కొదవ లేదు. కుండీల మీద ఊక పరిచిన నర్సరీ మాత్రం నేనింకా చూడలేదు.

గాలి గురించి వేరే చెప్పాలి. షేడ్‌నెట్‌కు నాలుగు వైపులా కింది దాకా తెర కట్టి, ట్రేలను నేల మీదే పరిచిన చోట్ల, లోపల అడుగుపెట్టగానే ఆవిరి మొహానికి కొడుతుంది. అదే ట్రేలను ఇనుప బల్లల మీద నడుమెత్తున పెట్టినచోట కిందనుంచి కూడా గాలి ఆడుతుంది, గడి అడుగు ఆరుతుంది. ఇంట్లో అయితే నాలుగు ఇటుకలు, రెండు కర్రలు చాలు.

ఎరువు విషయంలో తొందరొద్దు. 19:19:19 నీటిలో కరిగే ఎరువును లీటరుకు మూడు గ్రాముల చొప్పున, విత్తిన పన్నెండు రోజులకు ఒకసారి, ఇరవై రోజులకు ఒకసారి పోస్తే సరిపోతుంది. రెండాకుల మొక్కకు వారానికి మూడుసార్లు పోస్తే మొక్క తాగగా మిగిలినదంతా పాచికే భోజనం. జీవామృతమైనా, వర్మీకంపోస్టు నీళ్ళైనా ఇదే లెక్క.

కారు అయిపోగానే ట్రేలు కడిగి పెట్టుకోవాలి. ముందు బ్రష్షుతో మట్టి వదలగొట్టి, తొమ్మిది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపిన తొట్టిలో ముంచి, మంచి నీళ్ళతో కడిగి ఎండబెట్టాలి. నీటి తొట్టికి మూత వెయ్యాలి. పచ్చటి నీళ్ళు పోస్తూ ట్రేలో పచ్చదనం ఎందుకొచ్చిందని వెతకడంలో అర్థం లేదు.

ఇక మందులు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పల్చగా కలిపి పోస్తే పొర నురగలు కక్కి తెల్లబడుతుంది, తడి తగ్గకపోతే వారంలో మళ్ళీ వస్తుంది. దాల్చినచెక్క పొడి వల్ల నష్టం లేదు. అది పైపొర తడిని కాస్త పీల్చుకోవడం వల్లే మేలు అనిపిస్తుందని నా ఉద్దేశం. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు నారుకుళ్ళు కనబడినప్పుడు వాడాల్సిన మందు. వాలిన మొక్కల చుట్టూ, ఆరుతున్న ట్రేలో పోస్తే పనిచేస్తుంది. పచ్చ పొర కనబడిన ప్రతిసారీ పోస్తే రాగి గడిలో పేరుకుని లేత వేళ్ళనే కుంగదీస్తుంది. తెగుళ్ళను అణిచే ట్రైకోడెర్మా శిలీంధ్రం కలిపిన పొట్టుతో మొదలుపెట్టడం వీటన్నిటికన్నా మేలు.

వరి మడిలో ఇదే పచ్చదనం

నాచు అన్నమాట వింటే వరి రైతుకు వేరే జ్ఞాపకాలు వస్తాయి. వరి నారుమడిలో ఎండ ఎక్కేకొద్దీ నాచు తెట్టు గాలిబుడగలతో ఉబ్బి పైకి తేలుతుంది, తేలుతూ ఇంకా వేరు పట్టని నారును కూడా లేపేస్తుంది. అందుకు మైలుతుత్తం గుడ్డమూట కట్టి నీళ్ళు మడిలోకి దిగే బోదె దగ్గర పెట్టడం మన పాత పద్ధతి. నీరు దాన్ని కొంచెం కొంచెంగా కరిగించి మడంతా పంచుతుంది.

అదే వరి పొలంలో, నాటు వేశాక, నీలి ఆకుపచ్చ నాచు అన్నం పెట్టే చెయ్యి. గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే శక్తి వాటిలో చాలా రకాలకు ఉంది. ఎరువు వెయ్యకుండా ఏళ్ళ తరబడి వరి పండించినా బెంగాల్ మాగాణులు ఎందుకు నిస్సారం కాలేదన్న ప్రశ్నకు జవాబుగా, ఈ నాచుల పాత్రను పి.కె. డే 1939లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో చూపించారు. 1959లో టి.వి. దేశికాచారి ఈ జాతుల మీద రాసిన 'సయనోఫైటా' ఇప్పటికీ వాటిని గుర్తుపట్టాలనుకునేవారు తెరిచే పుస్తకం. డాబా మీద నల్లగా ఉబ్బే నాస్టాక్ కూడా ఆ కుటుంబమే. నేలను ఒకప్పుడు పచ్చగా చేసినవాటిలో ఇవి తొలి వరస. చెట్లు, గడ్డి, మన మిరప మొక్క, వీటన్నిటి పూర్వీకులూ ఆకుపచ్చ నాచుల దాయాదులుగా నలభై అయిదు కోట్ల ఏళ్ళకు పైబడిన వెనకటి కాలంలో నేల మీదికి వచ్చినవే. గడిలో పచ్చ పొర గీకుతున్నప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది. గీకడం ఆపను గానీ, మునుపటి కోపం ఉండదు.

న్యూజెర్సీ బేస్‌మెంటులో

కిందటి మార్చిలో న్యూజెర్సీ నుంచి మా పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. అక్కడ ఏప్రిల్ చివరో మే మొదట్లోనో మంచు పడడం ఆగుతుంది. ఆరేడు వారాల ముందే ఇంట్లో విత్తుకుంటే గానీ వంకాయ, మిరప ఆ చిన్న వేసవిలో కాపుకు రావు. అందుకని బేస్‌మెంటులో అరల స్టాండు, పైన లైట్లు, కింద వెచ్చటి చాప, ట్రేకి గాజులాంటి ప్లాస్టిక్ మూత. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇది మామూలు దృశ్యం. గోంగూర, గుత్తివంకాయ, బెండ, ఊరి నుంచి తెచ్చుకున్న గింజలు.

"అక్కా, ఇదేంటో చూడు. మొక్క కన్నా ముందు మట్టి పచ్చబడింది" అంది ఫోను ట్రే మీదికి తిప్పి.

"మూత ఎప్పుడు తీశావే?"

"తియ్యలేదు. ఇక్కడ గాలి బాగా పొడిగా ఉంటుందిగా, హీటరుకి."

"మొలకలు ఎప్పుడొచ్చాయి?"

"పది రోజులైంది."

మొలక కనబడిన రోజున మా నాయనమ్మ గడ్డి తీసినట్టే ఆ మూత తీసెయ్యాలి. రోజుకు పదహారు గంటలు వెలిగే లైటు, కింద వేడి, లోపల ఆవిరి. పాచికి అంతకన్నా స్వర్గం లేదు. ఆ రాత్రే మూత తీసింది. చాప తీసేసింది. చిన్న ఫ్యాను తెచ్చి మొక్కలు వణికీ వణకనట్టు తిప్పింది. పుల్లతో గీకి, పెంపుడు చేపల కోసం ఇంట్లో ఉన్న ఇసుక కడిగి చల్లింది. ఆ గాలికి కాడలు బలపడ్డాయని కూడా తరవాత చెప్పింది. మే రెండో వారంలో వంగ మొక్కలు పెరట్లోకి మారాయి.

ఈ ఏడు ట్రేలు

ఈ జులైలో కూడా ముసురు పట్టింది. డాబా మీద మూడు ట్రేలు, రెండింట్లో మిరప, ఒకదానిలో టమాటా. ట్రేలు ఇటుకల మీద ఉన్నాయి. అయిదు రోజులు నేను నీళ్ళు పోయలేదు. రోజూ పొద్దున ఎత్తి చూశాను, అంతే. ఆరో రోజు పొద్దున మిరప ట్రే చేతికి తేలిగ్గా తగిలింది, పొట్టు లేత రంగుకు తిరిగింది. అప్పుడు పోశాను.

ఉత్తరం వైపు గోడ నీడ పడే మూలన పది పన్నెండు గళ్ళలో పచ్చ పొర వచ్చింది. గీకి ఇసుక చల్లాను, ట్రేని తిప్పి ఆ మూలను వెలుపలి వైపు పెట్టాను. ఒక్క మొక్క కూడా వాలలేదు.

ముప్ఫై ఎనిమిదో రోజున నాటాను. గడి అడుగున వేలితో నొక్కి మొక్కను పైకి తీస్తే పొట్టు విడిపోకుండా గడి ఆకారంలోనే బయటికి వచ్చింది. చుట్టూ తెల్లటి వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. పై అంచున సన్నటి పచ్చ గీత ఎండిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మట్టి వాసన.